మంచి దినమున చేతికఱ్ఱ



మా సంఘములోని ఒక సహోదరిని గూర్చి ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను. ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను. పేరు మాత్రము వ్రాయను. ఆమెకు కీళ్లవాతము. పదునాలుగు సంవత్సరములనుండి ఆ జబ్బు ఆమెను విడువలేదు. చేతివ్రేళ్లు కొన్ని వంకరపోయినవి. మోకాళ్లు పూర్తిగా ముడుచుకొనవు. భర్త కూలిపనికి పోవును. ఆమెకు వికలాంగుల పింఛను వచ్చుచున్నది.

ఒక మంగళవారము సాయంకాలము నేను వారి పేటలో ప్రార్థన కూటమునకు వెళ్లుచుండగా, ఆమె బోరింగు యొద్దనుండి చిన్న బిందెతో నీళ్లు తెచ్చుకొనుట చూచితిని. చేతిలో కఱ్ఱ లేదు. నెమ్మదిగానైనను నిటారుగా నడచుచుండెను. నాకు సంతోషము కలిగెను. అయితే ఆ వచ్చిన ఆదివారము ఆమె కఱ్ఱ ఊనుకొని, నడుము వంచుకొని మందిరమునకు వచ్చి, గోడప్రక్క కుర్చీలో కూర్చుండెను. ఆరాధన ముగిసిన తరువాత, "ఈ వారం నొప్పి ఎక్కువైందా అమ్మా?" అని అడిగితిని. ఆమె తల వంచుకొని, "లేదు అయ్యగారూ, ఇవాళ బాగానే ఉంది" అనెను. "మరి కర్ర ఎందుకమ్మా?" అంటిని. అప్పుడామె మెల్లగా ఇట్లనెను: "కర్ర లేకుండా వస్తే అందరూ చూస్తారండి. బాగానే నడుస్తోంది కదా, దీనికి పింఛనెందుకు అంటారు. మీరు కూడా ఆ మధ్య ప్రసంగంలో అన్నారు కదండీ."

ఆమె చెప్పినది నిజమే. దానికి రెండు నెలల ముందు నేను సోమరితనమును గూర్చి ప్రసంగించుచు, మన ఊరిలో కొందరి కాళ్లు పింఛను దినమున మాత్రమే కుంటునని అంటిని. సంఘమువారు నవ్విరి. నవ్వించితినని నేనును సంతోషించితిని. ఆమెను ఉద్దేశించి అనలేదు. అయితే గుంపులోనికి రాయి విసరినవాడు, అది ఎవరికి తగులునో ఎరుగడు గదా. అది ఆ వెనుక కుర్చీలోనున్న ఆమెకు తగిలెను.

ఆ సహోదరి అబద్ధమాడినదా? నోటితో ఆడలేదు, నేను అడుగగానే ఉన్నది ఉన్నట్లు చెప్పెను. అయితే ఆ కఱ్ఱ అబద్ధమాడెను. ఆ అబద్ధమును ఆమె చేతికిచ్చినది ఎవరు? ఈ ప్రశ్న నాటినుండి నన్ను విడువలేదు. దీర్ఘరోగముతో బ్రదుకుచు పింఛను పొందు విశ్వాసి, దానిని నిలుపుకొనుటకు ఏమి చేయవచ్చును? ఏమి చేయకూడదు? వారి ప్రక్కన కూర్చుండి ఆరాధించు మనము ఏమి చేయవలెను? ఇది మీ సంఘములోను ఉన్న సంగతియే గనుక నాతోకూడ ఆలోచించుడి.

ముందుగా ఆ జబ్బు ఎట్టిదో తెలిసికొందము. కాలు విరిగినవాని కట్టు అందరికిని కనబడును. అది మానినప్పుడు మానినట్లు అందరికిని తెలియును. కీళ్లవాతము అట్టిది కాదు. బయటి రోగములతో పోరాడవలసిన శరీరశక్తియే దారి తప్పి తన కీళ్లమీద పడుటవలన ఈ వాపును నొప్పియు కలుగునని వైద్యులు చెప్పుదురు. తెల్లవారునప్పటికి కీళ్లు బిగుసుకొనిపోవును. గంట గడిచినను ఆ బిగువు సడలకపోవచ్చును. అందుచేత ఉదయము తన జడ తాను వేసికొనలేని స్త్రీ సాయంకాలము చిన్న బిందె ఎత్తగలదు. కొన్ని వారములు జబ్బు అణగియుండును. పిమ్మట చెప్పకుండ లేచును. సాయంకాలము చూచినవాడు ఒకటి చెప్పును, ఉదయము చూచినవాడు మరియొకటి చెప్పును. ఇద్దరును తాము చూచినదే చెప్పుదురు. అయితే ఇద్దరును సగమే చూచిరి.

"ఆ మంగళవారం నీళ్లు తెచ్చుకున్నాను అయ్యగారూ, బుధవారమంతా మంచం దిగలేదు" అని ఆమె తరువాత నాతో చెప్పెను. బుధవారము నేను ఆ దారిన వెళ్లలేదు. మనకు కనబడు దినములు మంచి దినములే. చెడ్డ దినములలో రోగి బయటికి రాడు గనుక వానిని ఎవరును చూడరు.

ఇంకొక సంగతి కలదు. ఆమె వారమునకొకసారి వేసికొను మాత్ర వాడుచున్నది. అది వాడునంతకాలము అప్పుడప్పుడు రక్తపరీక్షలు చేయించుకొనవలెను. అందుకొరకు పట్టణమునకు పోవలెను. ఆటోకు, బస్సుకు చార్జీలు పెట్టుకొనవలెను. తోడు వచ్చిన భర్తకు ఆ దినపు కూలి పోవును. ఈ ఖర్చులన్నియు ఆ పింఛనులోనుండియే. అనగా నేను చూచిన ఆ మంచి మంగళవారము ఆ పింఛను డబ్బుతో కొనబడిన మంగళవారము. "నడచుచున్నది గదా, పింఛను ఎందుకు" అనువారు ఈ సంగతి ఆలోచించవలెను. నీళ్లు పెట్టగా చెట్టు పచ్చగానున్నది. పచ్చగానున్నది గనుక ఇక నీళ్లెందుకని కాలువ కట్టివేయు రైతు మన ఊళ్లలో ఎవడైన ఉన్నాడా?

ఇప్పుడు చట్టము సంగతి చూతము. మన దేశములో 1995లో చేయబడిన వికలాంగుల చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే లెక్కించెను. 2016లో చేయబడి, 2017 ఏప్రిలులో అమలులోనికి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములను లెక్కించుచున్నది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ అను రక్తపు జబ్బులును, పార్కిన్సన్స్ అను వణుకు జబ్బును వాటిలో చేరినవి. ఇవి ఒక దినము అణగియుండి మరియొక దినము పడవేయగల జబ్బులు. కీళ్లవాతము పేరు ఆ పట్టికలో వేరుగా లేదు. అయితే దానివలన కీళ్లు ఎంతవరకు పట్టుకొనిపోయెనో, చేతులకు కాళ్లకు ఎంత బలము తగ్గెనో వైద్యులు కొలిచి, అంగవైకల్యముగా శాతము వేయుదురు. 40 శాతము గాని అంతకు పైన గాని ఉన్నవారు పింఛనువంటి సహాయమునకు అర్హులగుదురు. మన తెలుగు రాష్ట్రములలో సదరం సర్టిఫికేటు అనుచున్నది ఇదియే.

ఆంధ్రప్రదేశములో వికలాంగుల పింఛను 2024 జూలైలో 3000 రూపాయలనుండి 6000 రూపాయలకు పెరిగెను. డయాలిసిస్ చేయించుకొను మూత్రపిండముల రోగులకు 10,000, పూర్తిగా మంచమునకు పరిమితమైనవారికి 15,000 అని నిర్ణయింపబడెను. తెలంగాణలో 2023లో 3016 రూపాయలనుండి 4016 రూపాయలకు పెరిగెను. పట్టణపువాడు దీనిని చిన్న మొత్తమనవచ్చును. పల్లెలో మందులు కొనుక్కొను రోగికి ఇది చిన్నది కాదని మీరెరుగుదురు. చిన్నది కాదు గనుకనే దీనిచుట్టు భయమును, అసూయయు, అబద్ధమును పెరుగుచున్నవి.

ఇక వాక్యమునొద్దకు వత్తము. రెండవ సమూయేలు గ్రంథములో మెఫీబోషెతు అను ఒకడున్నాడు. అతడు యోనాతాను కుమారుడు, సౌలు రాజునకు మనుమడు. అయిదేండ్ల వయస్సున, యుద్ధపు వార్త విని దాది అతనిని ఎత్తుకొని పారిపోవుచుండగా అతడు పడి రెండు కాళ్లును కుంటివాయెను. దావీదు రాజైన తరువాత యోనాతానుతో చేసిన నిబంధన జ్ఞాపకము చేసికొని, లోదెబారులో ఒకరి యింట తలదాచుకొనుచున్న అతనిని పిలిపించెను. సౌలు భూములన్నియు అతనికి తిరిగి యిచ్చి, ప్రతిదినము రాజు బల్లయొద్ద భోజనము ఏర్పరచెను. సీబా అను సేవకుడు తన పదునైదుగురు కుమారులతోను ఇరువదిమంది దాసులతోను ఆ భూమి సేద్యము చేయవలెనని ఆజ్ఞాపించెను.

ఇందులో మొదటి పాఠమున్నది. మెఫీబోషెతు ఆ బల్లయొద్ద కూర్చుండుటకు సిగ్గుపడవలసిన పని లేదు. అది బిచ్చము కాదు. నిబంధనవలన కలిగిన స్థానము. దేవుడు మోషేద్వారా ఇచ్చిన ధర్మశాస్త్రములో పొలపు అంచులను కోయకుడని, జారిన పనలను బీదలకు విడువుడని ఆజ్ఞాపించెను. బోయజు పొలములో పరిగె ఏరుకొనిన రూతు దొంగ కాదు. ఆ పరిగె దేవుడు ఆమెకొరకు విడువమనిన భాగము. నేడు మన దేశములో చట్టసభలు పొలపు అంచును విడిచినట్లు ప్రజల పన్నులలో ఒక భాగమును వికలాంగులకొరకు విడిచినవి. అర్హతగలవారు దానిని తల ఎత్తుకొని తీసికొనవచ్చును.

"పని చేయనివానికి భోజనము లేదని పౌలు వ్రాసెను గదా" అని కొందరు అందురు. నేను ఆనాడు ప్రసంగించినది ఆ భాగమునుండియే గనుక దీనికి జవాబు చెప్పు బాధ్యత నాది. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయమును మరల చదువుడి. అక్కడ పౌలు మాట పని చేయుటకు ఇష్టములేనివానిని గూర్చి. పని చేయలేనివానిని గూర్చి కాదు. ఇష్టము లేకపోవుట వేరు, శక్తి లేకపోవుట వేరు. నేను ప్రసంగములో ఆ రెంటిని ఒక్కటి చేసితిని. అది నా తప్పు.

మరికొందరు, "విశ్వాసమున్నవారికి పింఛను ఎందుకు? ప్రార్థించి స్వస్థత పొందరాదా?" అందురు. దేవుడు స్వస్థపరచునని నేను నమ్ముచున్నాను. అయితే పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి మూడుసారులు వేడుకొనెను. అది తీసివేయబడలేదు, సరిపోవు కృప మాత్రము ఇయ్యబడెను. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చితినని ఆ పౌలే వ్రాసెను. తిమోతికి తరచుగా వచ్చు బలహీనతలను గూర్చి అతనికి ఉపాయము చెప్పెను గాని అవిశ్వాసియని గద్దింపలేదు. స్వస్థత కూటములో "బాగైతిని" అని సాక్ష్యమీయుమని రోగిని తొందరపెట్టకుడి. ఇంకను నొప్పిగానున్నవానిచేత బాగైతినని చెప్పించుట దేవునికి మహిమ కాదు.

అయితే ప్రియులారా, రెండవ పాఠము కూడ చెప్పవలెను. లేనియెడల నేను సగమే చెప్పినవాడనగుదును. లేని వైకల్యమును ఉన్నట్లు చూపి, డబ్బిచ్చి సర్టిఫికేటు కొనుక్కొని పింఛను తీసికొనువాడు దొంగ. అతడు ప్రభుత్వమును మాత్రమే దోచుకొనుట లేదు. నిజమైన రోగిమీద ఊరివారికి అనుమానము పుట్టించుచున్నాడు. మా సహోదరిచేత అక్కరలేని దినమున కఱ్ఱ పట్టించినవారిలో అట్టివాడును ఒకడు. అననీయ సప్పీరాల పాపము డబ్బు దాచుకొనుటకంటె ఎక్కువైనది. సగము చూపి ఇదే అంతయు అని చెప్పుటయే వారి పాపము. మన సంఘములో అట్టివారెవరైన ఉన్నయెడల ఆ డబ్బును విడిచిపెట్టుదురుగాక.

నిజమైన రోగికిని ఒక శోధనయున్నది. పింఛను పోవునేమోయను భయమున బాగుపడుటకే భయపడు శోధన అది. బేతెస్ద కోనేటియొద్ద ముప్పదియెనిమిది ఏండ్లు రోగిగా పడియున్నవానిని యేసు ప్రభువు, బాగుపడుటకు నీకు మనస్సున్నదా అను భావముతో ప్రశ్నించెను. అతడు అవునని గాని కాదని గాని చెప్పక, తనను నీటిలో దించువారు లేరని చెప్పెను. ఏండ్ల తరబడి రోగమే బ్రదుకు అయినవానికి ఆ ప్రశ్న ఎంత కష్టమో మనకు తెలియదు. ప్రభువు అతనిని నిందింపలేదు. అయితే ప్రశ్న అడుగకుండను విడువలేదు. రోగియైన సహోదరుడా, సహోదరీ, నీకు నిజముగా తగ్గినయెడల దాచకుము. మందు మానివేసి, నొప్పిని పెంచుకొని పరీక్షకు పోకుము. నీ శరీరము దేవుని ఆలయము. దానిని సర్టిఫికేటుకొరకు పాడుచేసికొనవద్దు.

దీనికి ఎదురుగా ఇంకొక అసత్యమున్నది. దానిని మనము అసత్యమనియే తలంచము. డాక్టరు "ఎలా ఉన్నారమ్మా?" అని అడుగగా, మనవారు వెంటనే, "ప్రభువు కృపవలన బాగానే ఉన్నానండి" అందురు. అది మన మర్యాద, మన అలవాటు, మన సాక్ష్యము. పరీక్ష దినమున మంచి చీర కట్టుకొని, నొప్పి బిళ్ల రెండు వేసికొని, పండ్లు బిగపట్టి నిటారుగా నడచి వెళ్లుదురు. డాక్టరు చూచినదే వ్రాయును. పిమ్మట పింఛను ఆగినప్పుడు ఏడ్చుదురు. కృపను గూర్చిన సాక్ష్యము సంఘములో ఇయ్యవచ్చును. డాక్టరునొద్ద నొప్పిని గూర్చిన సాక్ష్యము ఈయవలెను. చెడ్డ దినమును ఎక్కువచేసి చెప్పుట అబద్ధమైనట్లే, దానిని మర్యాదకొరకు దాచుటయు సత్యము కాదు. "నెలలో ఇన్ని దినములు లేవలేను. ఇన్ని దినములు ఇంటిపని కొంత చేసికొనగలను. చేసిన మరునాడు ఇట్లుండును" అని రెండును చెప్పవలెను. ఇదియే నేను ఈ వ్యాసములో చెప్పగోరు ముఖ్యమైన మాట. దీర్ఘరోగి సత్యము ఒక్క దినముతో తేలదు. మంచి దినమును చెడ్డ దినమును కలిపి చెప్పినప్పుడే అది పూర్తి సత్యమగును.

ఇక మెఫీబోషెతు కథలోని మూడవ పాఠము సంఘమువారమైన మనకు. అబ్షాలోము తిరుగబడగా దావీదు యెరూషలేము విడిచి పారిపోవుచుండెను. అప్పుడు సీబా గాడిదలమీద రెండు వందల రొట్టెలను, ఎండు ద్రాక్షగెలలను, ద్రాక్షారసమును తెచ్చి ఎదురువచ్చెను. మెఫీబోషెతు ఎక్కడ అని రాజు అడుగగా, రాజ్యము తనకు వచ్చునని అతడు పట్టణములోనే నిలిచిపోయెనని సీబా కొండెము చెప్పెను. దావీదు విచారింపలేదు. మెఫీబోషెతును పిలిపింపలేదు. అతనికి కలిగినదంతయు నీదేయని ఆ దారిలోనే సీబాతో చెప్పివేసెను. దేవుని హృదయానుసారియైన రాజు ఒక వికలాంగుని జీవనమును ఒక్క మనుష్యుని మాటమీద తీసివేసెను!

రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఎదురువచ్చెను. రాజు వెళ్లిన దినమునుండి అతడు కాళ్లు శుభ్రము చేసికొనలేదు, గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. కుంటివాడను గనుక గాడిదకు గంత కట్టించి రాజుతో రావలెననుకొంటిని, నా సేవకుడు నన్ను మోసపుచ్చెనని చెప్పెను. దావీదు అప్పుడును పూర్తిగా విచారింపక, భూమిని ఇద్దరును పంచుకొనుడనెను. తాను తొందరపడితినని ఒప్పుకొనుట రాజులకును కష్టమే, కాపరులకును కష్టమే. మెఫీబోషెతు మాత్రము, రాజు క్షేమముగా వచ్చెను గనుక సీబా అంతయు తీసికొనవచ్చునని చెప్పెను. అతనికి బల్లమీది రొట్టెకంటె బల్లయొద్దనున్న రాజు ప్రియుడు.

మన పేటలలో సీబాలు లేరా? "దాని పింఛను తీసేయించాలి, బోరింగు దగ్గర చూశాను" అనువాడు సీబా కాడా? సీబా చెప్పిన మాటలో కొంత నిజమున్నది. మెఫీబోషెతు పట్టణములోనే యుండెను, అది నిజము. ఎందుకు ఉండెనో అను సగమును సీబా మ్రింగివేసెను. మన సహోదరి నీళ్లు తెచ్చుకొనెను, అది నిజము. బుధవారము మంచము దిగలేదను సగమును ఎవరు చెప్పుదురు?

నేను చెప్పిన 2016 చట్టములో ప్రక్కప్రక్కనే రెండు సెక్షనులున్నవి. 91వ సెక్షను, వికలాంగులకొరకైన సహాయమును మోసముతో పొందువానికి రెండేండ్లవరకు జైలు, లేక లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును విధించుచున్నది. దాని వెంటనే 92వ సెక్షను, నలుగురు చూచుచోట వికలాంగుని కావలెనని అవమానించువానికి ఆరు నెలలకు తక్కువ కాకుండ అయిదేండ్లవరకు జైలు విధించుచున్నది. మొదటి సెక్షను మనకు ఎంతో ఇష్టము. దానిని గూర్చి అరుగులమీద కూర్చుండి మాటలాడుదుము. రెండవదానిని ఎవరును జ్ఞాపకము చేసికొనరు. అది చదివిన దినమున నా ప్రసంగము నాకు జ్ఞాపకము వచ్చెను.

పరీక్షయే తప్పని నేను చెప్పుట లేదు. ఆదిసంఘము కూడ విధవరాండ్ర జాబితా వ్రాసికొనెను. అరువది ఏండ్లు నిండవలెనని, మరి యితర నియమములును పౌలు తిమోతికి వ్రాసెను. ప్రజల ధనము పంచువారు విచారించుట న్యాయమే. 2025లో ఆంధ్రప్రదేశములో వికలాంగుల పింఛనులను మరల పరిశీలించి, అనేకులకు నోటీసులు ఇచ్చిరి. నోటీసు అందినవారు అప్పీలు చేసికొని మరల పరీక్ష కోరుటకు అవకాశమును ఇచ్చిరి. విచారణ దోషము కాదు. వినకుండ తీర్పు చెప్పుటయే దావీదు దోషము. అప్పీలు అనగా మెఫీబోషెతు రాజు ఎదుట నిలిచి తన సంగతి తాను చెప్పుకొనుటయే. నోటీసు రాగానే అంతయు అయిపోయెనని ఇంటిలో కూర్చుండకుడి. సచివాలయములో అడుగుడి, గడువు దాటకముందే దరఖాస్తు పెట్టుడి.

సంఘ పెద్దలారా, యౌవనస్థులారా, మీరు చేయదగిన పనులు కొన్నియున్నవి. రోగుల మందుచీటీలను, రక్తపరీక్షల కాగితములను, పాత సర్టిఫికేటును ఒక సంచిలో వరుసగా పెట్టి ఇయ్యుడి. చదువురానివారికి ఒక నోటుబుక్కు కొనిచ్చి, మంచి దినములను చెడ్డ దినములను వారు చెప్పగా మీరు వ్రాసిపెట్టుడి. పరీక్ష దినమున తోడు వెళ్లుడి. రోగి బిడియపడి "బాగానే ఉన్నాను" అన్నప్పుడు, "బుధవారం సంగతి కూడా చెప్పు పిన్నీ" అని జ్ఞాపకము చేయుడి. పింఛను ఆగిన నెలలో ఆ ఇంటికి ఒక బియ్యపు సంచి చేర్చుడి. ఇది చేయని సంఘమునకు, ఆ పింఛను న్యాయమా కాదా అని మాటలాడు హక్కు లేదు.

మా సహోదరి సంగతితో ముగించెదను. ఆమెతో మాటలాడిన మరుసటి ఆదివారము నేను ప్రసంగము మొదలుపెట్టకముందు, రెండు నెలల క్రిందట నేనన్న మాట తప్పనియు, క్షమించుడనియు సంఘమును అడిగితిని. ఆమె పేరు ఎత్తలేదు. ఎవరును నవ్వలేదు. ఆ మీద మూడవ ఆదివారమున ఆమె కఱ్ఱ లేకుండ మందిరమునకు నడచివచ్చెను. ఎవరును తిరిగి చూడలేదు. చూచినవారు, "వందనాలమ్మా" అని పలుకరించిరి. ఆ మరుసటి వారము కఱ్ఱ ఊనుకొని ఆటో దిగెను. అప్పుడును ఎవరును ఏమియు అడుగలేదు. ఒక యువకుడు వెళ్లి చేయి పట్టుకొనెను. ఆ రెండు ఆదివారములలోను ఆమె సత్యముగానే వచ్చెను.

తరువాత ఆమెకును పరీక్షకు రమ్మని నోటీసు వచ్చెను. డాక్టరు అడుగగా, నీళ్లు తెచ్చుకొను దినము సంగతియు, మంచము దిగలేని దినము సంగతియు చెప్పితినని ఆమె వచ్చి నాతో చెప్పెను. "బిందె సంగతి చెప్పకుండా ఉండాల్సింది అని మా ఆయన అన్నాడు అయ్యగారూ. కానీ చెప్పాక నాకు హాయిగా ఉంది" అనెను. ఆ పరీక్ష ఫలితమును నేను ఇక్కడ వ్రాయను. ఫలితమును బట్టి ఆమె చేసినది మంచిదో చెడ్డదో మీరు తూచకుండునట్లు వ్రాయుట లేదు. ఆమె చేసినది మంచిదే. దాని వెల ఆమె ఒక్కతెయే చెల్లింపకుండ చూచుట మన పని.

ప్రభువా, మా మధ్యనున్న రోగులకు నిజము చెప్పు ధైర్యము దయచేయుము. వారు నిజము చెప్పుటకు భయపడనక్కరలేని సంఘముగా మమ్మును చేయుము. సగము చూచి పూర్తిగా తీర్పుతీర్చు మా నాలుకలను కాపాడుము. ఆమేన్.